ఒరమ్మ తల్లి కత్తిని విడిచిన వైనం

ఒరమ్మ గుట్టకు నూట పదకొండు మెట్లు. ఎక్కుతూ లెక్కపెట్టినవారికి ఒక సంఖ్య, దిగుతూ లెక్కపెట్టినవారికి మరొకటి వస్తుంది. అది అమ్మవారి మహిమ కాదనీ, మోకాళ్ళ మహిమేననీ పూజారులే ఒప్పుకుంటారు. పైనున్న గుహలో విగ్రహం లేదు. నిలువునా చీలిన కొయ్య ఒర ఒకటి పసుపు కుంకుమలతో, వేపాకు దండతో దర్శనమిస్తుంది. ఆ ఒరే ఒరమ్మ తల్లి. మరి కత్తి ఏదని అడగకుండా గుట్ట దిగిన భక్తుడు ఇంతవరకు లేడు.

పూర్వం ఇక్కడ గుట్ట కింద ఒక కమ్మరి కొలిమి ఉండేది. చుట్టుపక్కల గొర్రెల కాపరుల కత్తులు, కొడవళ్ళు అక్కడ తయారైనవే. కమ్మరి కన్నుమూశాక కూతురు కాళమ్మ సమ్మెట పట్టింది. ఆమె చిన్నాయన మోనప్ప అడ్డం నిలిచాడు.

"తిత్తులు ఊదేదానికి పనికొస్తావు గానీ, కొలిమి నడిపేది నీవల్ల కాదులేమ్మే" అన్నాడు.

కాపరుల పెద్ద కరియప్ప మధ్యలో పడి పందెం పెట్టాడు. తొమ్మిది రోజుల్లో కాళమ్మ ఒక్కతే కత్తి, పిడి, ఒర చేయాలి. గుట్ట మీద అందరి ముందు కత్తి దూసి, వేలాడగట్టిన ఉన్నితాడును ఒక్క వేటుకు తెంపాలి. తెగితే కొలిమి ఆమెది, లేకుంటే మోనప్పది.

కాళమ్మకు ఆనందంతో ఒళ్ళు తెలియలేదు. అరిగిన బండిచక్రపు పట్టాను కాల్చి, సాగగొట్టి, అంచు తీసింది. ఎర్రగా కాగిన కత్తిని నూనెలో ముంచితే అది బుస్సుమంది, కాళమ్మ అంతకంటే గట్టిగా కేక వేసింది. మళ్ళీ సన్నని సెగ మీద ఎండుగడ్డి రంగు వచ్చేదాకా కాచి పదును నిలిపింది. తుమ్మచేవ పిడిని మూడు చీలలతో బిగించింది. ఇక ఒర ఒక్కటే మిగిలింది. మరునాడు పొద్దున్నే పాలకొడిసె కొమ్మ నరికి, నిలువునా చీల్చి, లోపల తొలిచి, రెండు చెక్కలనూ లక్కతో అతికించింది. కత్తి అందులో అచ్చంగా అమరింది.

అయిదో రోజుకే పని ముగిసింది. తక్కిన నాలుగు రోజులూ ఒరతో సహా కత్తిని కొలిమి చూరుకు వేలాడదీసి దారిన పోయేవారందరికీ చూపించుకుంది. ఎండ కూడా తీరిగ్గా చూసి వెళ్ళింది.

తొమ్మిదో రోజు గుట్ట మీద జనమంతా చూస్తుండగా కాళమ్మ పిడి పట్టి లాగింది. కత్తి రాలేదు. ఇద్దరు కాపరులు చెరోవైపు పట్టి లాగి, చెరోవైపు వెల్లకిలా పడ్డారు.

"కత్తి చేసినావా, రోకలి చేసినావా?" అన్నాడు మోనప్ప.

"ఒర పగలగొట్టగూడదు పాపా. పొద్దు గుంకేదాకా చూస్తాం" అన్నాడు కరియప్ప.

కాళమ్మ ఒరతో సహా కత్తిని తీసుకుని గుహలోకి పోయి ముఖం దాచుకుంది. ఆ మధ్యాహ్నపు వేడికి కన్ను మూతపడింది. కలలో ఒక ముసలమ్మ పగలబడి నవ్వుతూ కనిపించింది.

"మొన్నటిదాకా చెట్టు మీద కడుపునిండా నీళ్ళు తాగిన కొమ్మది. నాలుగు దినాలు ఎండలో మాడ్చితివి. బిగుసుకోక ఏం చేస్తాది? తాగనియ్యి దాన్ని."

ముక్కు మీద చల్లగా చుక్క పడి మెలకువ వచ్చింది. గుహ కప్పు నుంచి కారే నీరు రాతి గుంటలో నిండి ఉంది. కాళమ్మ ఒరను అందులో మునగబెట్టింది.

"స్నానం చేపిస్తాండావా? పసుపు గూడా తెమ్మంటావా?" అన్నాడు గుహ వాకిట్లో జనంతో నిలబడిన మోనప్ప. అంటూనే అందరికంటే ముందుకు వంగి చూశాడు.

పొద్దు వాలుతోంది. కొయ్య మెల్లగా ఉబ్బి, లోపలి తొర్ర వెడల్పైంది. కత్తి నువ్వుగింజంత కదిలింది, తరువాత వేలెడు, ఆపై జర్రున జారి చేతిలోకి వచ్చేసింది. కాళమ్మ లేచిన ఊపులోనే బయటికి ఉరికి తాడు మీద వేటు వేసింది. తాడు రెండై నేలబడింది. గుట్ట దద్దరిల్లింది.

"అమ్మవారే బిగించింది, అమ్మవారే విడిచింది" అని జనం చేతులు జోడించారు. ఊరుకుంటే కాళమ్మ పరువు నిలిచేది. తప్పు చెప్పుకుంటే చేతికందిన కొలిమి జారిపోవచ్చు. అయినా ఆమె నోరు ఊరుకోలేదు.

"విడిపించింది అమ్మే గానీ, బిగించింది అమ్మ కాదు. పచ్చికట్టెతో ఒర చేసినా. గొప్పకు పోయి ఎండలో వేలాడదీసినా. తప్పు నాది."

"ఇనుకున్యారా? ఒర చేసేది రాదని తనే ఒప్పుకున్యాది" అన్నాడు మోనప్ప.

కరియప్ప తలపాగా జారిపోయేలా నవ్వాడు. "నువ్వు చేసిన కొడవలి వంకర పోతే నా చేతిదే తప్పంటావు గదా మోనప్పా. తప్పు నాదన్న కమ్మరిని ఈ పొద్దే చూస్తాండా. కొలిమి ఈ పాపదే."

కత్తి కాళమ్మతో కొలిమికి వెళ్ళింది. గుహలో ఉండిపోయిన ఒర ఎండి నిలువునా చీలింది. తల్లి అందులోనే వెలసిందని పెద్దలు చెబుతారు.

నేటికీ కమ్మరులు, వడ్రంగులు, దర్జీలు, ఈమధ్య స్కూటరు మెకానిక్కులు కూడా అమ్మ ఎదుట నిలబడి తమ పనిలో దొర్లిన తప్పును ఒకటి బిగ్గరగా చెప్పుకుంటారు. విన్నవారు మనసారా నవ్వాలి. అది ఇక్కడి నియమం. నవ్వు ఆగాక పూజారి రాతి గుంటలోని నీటిని తీర్థంగా ఇస్తాడు. అలా చెప్పుకున్నవారికి హస్తవాసి కలుగుతుందనీ, అదే తప్పు మళ్ళీ దొర్లదనీ భక్తుల నమ్మకం. కొత్త తప్పు చేసినవారు మాత్రం మళ్ళీ గుట్ట ఎక్కవలసిందే.