కర్ర మోగితేనే ఆహా

కుందనగిరి రాజు రణధీరుడికి ఒకనాడు పొద్దున్నే కొత్త శాసనం చెయ్యాలనిపించింది. రాజులకు అలా అనిపించిన రోజున ఊళ్ళో ఎవరికో ఒకరికి కూడు పోతుంది.

"సభలో ఎవరికి ఎక్కువ ఆహాలు వస్తే ఈ ఏడు జాతరలో వాళ్ళదే ఆటా, పాటా. మిగతావాళ్ళు పొలిమేర దాటాలి," అన్నాడు.

ఆ ఆలోచన రాజు బుర్రలో పుట్టింది కాదు. ఆస్థానకవి విరూపాక్ష శాస్త్రి నాటింది. ఆహాలకు ఆయనకెప్పుడూ కరువు లేదు మరి.

ఆ సభలో ఒక ఆచారం ఉంది. రాజుగారి తాతకు పద్యం మొదలవగానే కునుకు పట్టేది. అయిపోయిందని తెలియడానికి బంట్రోతు వెండిపొన్ను కర్రతో నేలమీద ఠంగుమని కొట్టేవాడు. తాతగారు ఉలిక్కిపడి ఆహా అనేవారు. ఆయన అన్నాక సభ అనకుండా ఉంటుందా? తాతగారు పోయారు, కర్ర మిగిలింది. కర్ర మోగితే అందరూ ఆహా అనాలి. మోగకుండా అన్నవాడు మర్యాద తెలియనివాడు. శాస్త్రిగారి కవిత్వమంతా ఆ కర్ర మీదే నిలబడి ఉంది.

శాసనం తోలుబొమ్మలాడించే ఓబుళమ్మ చెవిన పడింది. జాతరలో ఆట ఆడితేనే ఆమె ఇంటిల్లిపాదికీ ఏడాది గింజలు. తిన్నగా రాజుగారి తాంబూలపు పెట్టె మోసే కాచన్న దగ్గరికి వెళ్ళింది. రాజుగారి చెవికి అందరికంటే దగ్గరగా నిలబడేది అతనే.

"అన్నా, నాకూ నాలుగు పెద్ద మాటలు నేర్పు. శాస్త్రిగారి మాదిరి గర్జిస్తేనే సభలో నిలబడతామంట."

"పెద్ద మాటలు తర్వాత. నీ ఆట నువ్వు ఎవరికోసం ఆడతావో అది చెప్పు."

"తెర కట్టేముందు, వచ్చినవాళ్ళలో ఎవరిదో ఒకరి మొహం చూసి పెట్టుకుంటా. ఆటంతా ఆ ఒక్కరికే చెప్తా."

"అయితే సభలోనూ అదే చెయ్యి. కర్ర పట్టుకునే పోలప్ప మొహం చూసి పెట్టుకో. కరువులో ఎద్దును అమ్ముకుని కొలువులో చేరినవాడు."

ఓబుళమ్మ ఇంకేమీ అడగలేదు. ఏ కథ ఆడాలో ఆమెకు తెలిసిపోయింది.

మర్నాడు దీపాలవేళ సభ తీరింది. ముందు శాస్త్రి లేచాడు. సూర్యోదయాన్ని వర్ణించడం మొదలుపెట్టి, ఊపిరాడనంత పొడుగు సమాసాలతో ఆ సూర్యుణ్ణి పైకి రానివ్వకుండా చాలాసేపు ఆపాడు. పోలప్ప ఠంగుమనిపించాడు. సభంతా ఆహా అంది. గుర్రుపెడుతున్న ముసలి మంత్రి కూడా నిద్రలోనే అన్నాడు. ఎన్ని పద్యాలో అన్ని ఠంగులు, ఎన్ని ఠంగులో అన్ని ఆహాలు. శాస్త్రి మీసం దువ్వుకుని కూర్చున్నాడు.

తర్వాత ఓబుళమ్మ తెర కట్టింది. కరువులో ఒక రైతు ఎద్దును సంతకు తోలుకుపోయాడు. అమ్మేశాడు. ఖాళీ పలుపు భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి "హో, నిదానం రా" అన్నాడు. వెనక ఎవరూ లేరు.

ఆట అయిపోయింది. సభలో చీమ చిటుక్కుమంటే వినిపిస్తుంది. కర్ర మోగలేదు. ఎవరూ ఆహా అనలేదు.

శాస్త్రి చంకలు గుద్దుకున్నాడు. "ప్రభూ, ఒక్క ఆహా కూడా లేదు. ఈవిడ రేపే పొలిమేర దాటాలి."

ఓబుళమ్మ బొమ్మల్ని గుండెకు హత్తుకుంది. రాజు గొంతు సవరించుకున్నాడు. "నాకెందుకో మనసు బాగాలేదు. కానీ శాసనం శాసనమే కదా," అని నసిగాడు.

"శాసనమే ప్రభూ," అన్నాడు కాచన్న. "గెలిచిన శాస్త్రిగారికి గొంతెండిపోయి ఉంటుంది. ముందు మజ్జిగ తాగనివ్వండి."

చెంబు వచ్చింది. అందులో పిడికెడు ఉప్పు కలిపించింది ఎవరో చెప్పనక్కర్లేదు. ఈలోపు కాచన్న పోలప్ప పక్కకు చేరి, "నువ్వు కాస్త మొహం తుడుచుకో," అని కర్ర తన చేతిలోకి తీసుకున్నాడు.

శాస్త్రి గటగటా తాగి, మొహం వికారంగా పెట్టాడు. "థూ, ఉప్పు కషాయం. ఎవడు కలిపాడీ మజ్జిగ?"

ఠంగ్.

"ఆహా!" అంది సభ యావత్తూ. అందరికంటే గట్టిగా రాజే అన్నాడు. అంతకంటే వింత, శాస్త్రి కూడా అలవాటుకొద్దీ లేచి, నాలుగు దిక్కులకూ వంగి వంగి దండాలు పెట్టాడు.

మూడో దిక్కుకు తిరిగాక ఆయనకు తెలివొచ్చింది.

రాజు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "కాచన్నా, ఏమిటిది?"

"ఆహాలు లెక్కపెడుతున్నాను ప్రభూ. ఇది శాస్త్రిగారికి వెయ్యాలా, మజ్జిగకి వెయ్యాలా?"

సభ ఫక్కుమంది. శాస్త్రి మండిపడ్డాడు. "ఇదంతా కుతంత్రం. ఆ బొమ్మలావిడకు మాత్రం ఆహా ఎందుకు రాలేదో చెప్పమనండి."

కాచన్న పక్కకు తప్పుకుని పోలప్పను చూపించాడు. వాడింకా తలగుడ్డతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉన్నాడు.

"కర్ర కొట్టాల్సినవాడు ఏడుస్తున్నాడు ప్రభూ."

రాజు తన చెంపలు తడుముకున్నాడు. తడిగానే ఉన్నాయి. అప్పటికి కానీ తన మనసెందుకు బాగాలేదో ఆయనకు అర్థం కాలేదు. శాసనం అక్కడికక్కడే రద్దయింది. జాతర ఓబుళమ్మదీ, ఆడగలిగిన ప్రతివాళ్ళదీ అయింది.

"మరి నా గతేమిటి?" అన్నాడు శాస్త్రి, ఆ మాట మాత్రం చిన్న గొంతుతో.

"మీరూ జాతరకు రండి శాస్త్రిగారూ," అన్నాడు కాచన్న. "ఇందాక మజ్జిగ గురించి చెప్పారే, అట్లా చెప్పండి. ఇన్నేళ్ళలో మీ నోట మా అందరికీ అర్థమైన మాట అదొక్కటే."

ముసలి మంత్రి మేలుకుని మరీ నవ్వాడు. రాజు తన శాలువా తీసి కాచన్నకు కప్పి, ఆ వెండిపొన్ను కర్ర కూడా అతనికే ఇచ్చేశాడు, తమలపాకు తోటలో మేకల్ని అదిలించుకోమని. శాలువా కప్పినప్పుడు సభలో ఎవరూ ఆహా అనలేదు. నవ్వడంతోనే సరిపోయింది.