బట్టకి మొదలు ఏ వైపు?

"అయ్యోయ్! మీ ఇల్లు నడిచొస్తోందండోయ్!"

వీధి నడుమ నుంచి కేక వేసినవాడు ఊళ్లో బట్టలు కొలిచే కొలబద్ద మనిషి. కింది చివరి ఇంట్లో తమ్ముడు మగ్గం ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు. నిజమే! నిన్నటిదాకా ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టు ఇవాళ వెనకబడిపోయింది.

ఇది ఇంగ్లండులో, గొర్రెలెక్కువా ఎండ తక్కువా అయిన కొండల్లో ఒక నేత ఊరు. ఒకటే వీధి. పై చివర అక్క ఇల్లు, కింది చివర తమ్ముడి ఇల్లు, ఎదురెదురుగా. ఏటా ఊరంతా కలిసి పొడుగాటి ఉన్ని బట్ట నేసేవారు. సగం పైవాళ్లు, సగం కిందివాళ్లు, నడుమ కుట్టు. దాన్ని ఉతకడానికి ప్రతి వాకిట్లోనూ ఓ కుండ ఉండేది. అందులో పొద్దున్నే ఏం పోసేవారో తిండి కథలో చెప్పకూడదు లెండి.

బట్ట మొదలు ఎవరి వైపుంటే ఊరి విందులో వాళ్లది పెద్ద కుర్చీ. "మొదలు నాది" అంది అక్క. "కాదు, నాది" అన్నాడు తమ్ముడు. అంతే! పన్నెండేళ్లుగా విందూ లేదు, మాటా లేదు. మాట లేకపోతే పోయె, అక్క చేసే ఉల్లిపాయల మాంసం రొట్టె లేకపోవడమే తమ్ముడి ప్రాణం తోడేస్తోంది. పన్నెండేళ్లూ ఉడకేసిన టర్నిప్పు దుంపలే తిన్నాడు పాపం.

ఈ ఏడు ఉతికిన బట్టని కొండమీద ఆరేయనివ్వలేదు ఇద్దరూ. ఒకరినొకరు నమ్మితేగా! చెరో కొసా ఎవరి గుమ్మానికి వాళ్లు కట్టుకున్నారు. మూడ్రోజులు వాన. ఉన్ని సంగతి తెలుసుగా, తడిస్తే ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ గుమ్మాలతో సహా రెండిళ్లనీ లాక్కొస్తోంది.

"ముడి విప్పండయ్యా, రెండిళ్లూ గుద్దుకుంటాయి!"

"ఆవిణ్ణి విప్పమను" అన్నాడు తమ్ముడు.

కొలబద్ద మనిషి పైకి పరిగెత్తాడు.

"వాణ్ణే విప్పమను. చిన్నప్పుడు నా బూట్లు విప్పిందీ వాడే!" అంది అక్క.

మళ్లీ కిందికి. ప్రతిసారీ దూరం తగ్గుతోంది కాబట్టి అతని ప్రాణం నిలిచింది.

తమ్ముడికి ఒళ్లు మండి కత్తెర తీశాడు. అప్పుడే గాలి ఇటు తిరిగింది. ఉల్లిపాయలు! వెన్నలో వేగుతున్న ఉల్లిపాయలు! కత్తెర మూసి జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ చూడకుండా ఇంకో ముడి బిగించాడు.

ముడుచుకోవడానికి ఇంకేమీ మిగలక ఉన్ని ఆగేసరికి రెండు గుమ్మాల మధ్య పది బారల దూరమే ఉంది. బట్ట పలకలా గట్టిపడి, నడుం ఎత్తున బల్లలా నిలబడింది. కుట్టు కోసం వెతికాడు తమ్ముడు. కుట్టూ లేదు, గిట్టూ లేదు, రెండు సగాలూ అతుక్కుని ఒకటైపోయాయి.

అక్క పొగలు కక్కే రొట్టె తెచ్చి దానిమీద పెట్టింది.

"ఒరే, ఎంత చిక్కిపోయావురా!"

"అంచు మాడిన ముక్క నాదే అక్కా."

ఊళ్లోవాళ్లు బెంచీలతో, పీటలతో వచ్చి ఎక్కడ సందుంటే అక్కడ కూలబడ్డారు. పైవాళ్లెవరో కిందివాళ్లెవరో చూసుకునే తీరికెక్కడిది!

కొలబద్ద మనిషి మాత్రం ఆకాశం చూసి ఎగిరి గంతేశాడు. "ఎండొస్తోంది! సాగదీసి కొలుద్దామా? మొదలెటో తేలిపోతుంది!"

"కూర్చోవయ్యా బాబూ!" అంది ఊరు ఊరంతా.

కూర్చోడానికి చోటేదీ? అక్క అతని చేతిలోంచి పొడుగాటి చెక్క కొలబద్ద లాక్కుని, రెండు కుండలు బోర్లించి వాటిమీద అడ్డంగా వేసింది. ఏ కుండలని అడక్కండి. పైవాళ్లలో ఇద్దరూ, కిందివాళ్లలో ఇద్దరూ, మధ్యలో అతనూ దానిమీదే ఇరుక్కుని కూర్చుని, వేళ్లు కాలుతున్నా ఆగకుండా తిన్నారు.