మాంత్రికుడి వీపు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల జటాధరుడనే మాంత్రికుడు కంటబడ్డవాళ్ళనల్లా రాళ్ళు చేసేస్తున్నాడని విని, పెద్దవాడు కత్తి పట్టుకు వెళ్ళాడు. రాయైపోయాడు. రెండోవాడు ఈటె పట్టుకు వెళ్ళాడు. వాడూ రాయైపోయాడు. ఇక మిగిలింది మూడోవాడు వకుళుడు. ముగ్గురు తినేచోట ఒక్కడే కూర్చుంటే వాడికి ముద్ద దిగేది కాదు.

"అన్నలను తీసుకొస్తాను" అని బయలుదేరాడు. పెంచిన దాది మైనమూ నువ్వులనూనే కాచి చేసిన లేపనం భరిణెలో పెట్టి ఇచ్చింది. "పెదవి పగిలితే రాసుకో నాయనా. మడమ పగిలితే రాసుకో. ఎండకు మొహం కమిలితే రాసుకో. అందానికి అందం, మందుకు మందు."

ఒక సముద్రం దాటేసరికి పెదవి పగిలింది. రాసుకున్నాడు. ఇంకొకటి దాటేసరికి మడమలు పగిలాయి. రాసుకున్నాడు. మరొకటి దాటేసరికి మొహం కమిలింది. రాసుకున్నాడు. ఒళ్ళు బాగానే ఉంది గాని, పలకరించే మనిషే లేడు. పాపం, ఆ దిగులుకు భరిణెలో మందు లేదు.

ఏడో సముద్రం అవతల దీవి నిండా రాళ్ళే. పంజరంలో ఒక చిలుక, కాళ్ళు పగిలి మూలుగుతోంది. వకుళుడు దాని కాళ్ళకు లేపనం రాశాడు.

"మాంత్రికుడి ప్రాణం నాలోనే ఉంది బాబూ" అంది చిలుక. "నా మెడ నులిమితే వాడు చస్తాడు. కాని రాళ్ళు రాళ్ళుగానే ఉండిపోతాయి. వాడి నోటితో వాడే విడిపించాలి."

ఇంతలో జటాధరుడు వీపును బండకేసి రుద్దుకుంటూ వచ్చాడు. వకుళుణ్ణి రాయి చెయ్యబోయి, చిలుక కాళ్ళు నయమవడం చూసి ఆగి, భరిణె లాక్కున్నాడు. మోచేతులకు రాసుకున్నాడు, నున్నబడ్డాయి. దద్దురుతో మండిపోయే వీపుకు మాత్రం చెయ్యి అందలేదు. మంత్రం చదివాడు. మంత్రానికి వేళ్ళుంటాయా?

"నేను రాయనా?" అన్నాడు వకుళుడు.

"పగవాడి చెయ్యి నా ఒంటిమీదా!"

"అయితే నీవాళ్ళను పిలు."

"నావాళ్ళా? అందరినీ రాళ్ళు చేశానుగా" అని మాంత్రికుడు కూలబడ్డాడు. వకుళుడికి కోపం రావలసింది, జాలేసింది.

చివరికి మాంత్రికుడు ఒక రాయి ముందు నిలబడి మంత్రం చదివాడు. ఎదురుచెప్పిందని రాయి చేసిన కూతురు పూర్ణిక లేచి నిలబడింది. సంగతి విని భరిణె అందుకుంది.

"రాస్తాను నాన్నా. ముందు వీళ్ళందరినీ విడిచిపెట్టండి."

విడిచిపెట్టాడు. ఏం చేస్తాడు మరి? అన్నలిద్దరూ లేచి తమ్ముణ్ణి వాటేసుకున్నారు. పూర్ణిక తండ్రి వీపుకు లేపనం రాస్తుంటే ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు.

"మంటకు కాదమ్మా. మనిషి చెయ్యి తగిలి ఎన్నేళ్ళయిందో!"

వకుళుడికీ పూర్ణికకూ పెళ్ళయింది, ఆ దీవిని చాలాకాలం చల్లగా ఏలారు. నాకు మాత్రం పెళ్ళినాటి ముచ్చటే ఇష్టం. నలుగు పెట్టే వేళ, తన దగ్గరికి ఎవరొస్తారులే అని జటాధరుడు పందిట్లో ఓ మూల ముడుచుకు కూర్చున్నాడు. వకుళుడి పెద్దన్న గిన్నెడు నలుగుపిండితో వచ్చి ఆయన రెండు బుగ్గలకూ పూశాడు.

"లేవండి మామగారూ, మీరు లేకుండా పెళ్ళేమిటి?" అని చెయ్యి పట్టి లేపాడు.