వడియాలు ఎండని ఎండ

మల్లెమడుగు రాజు పోతభూపాలుడికి వడియం లేందే ముద్ద దిగదు. అలాంటిది, నడివేసవిలో ఆయన విస్తట్లోకి మెత్తటి వడియం వచ్చింది!

"మేడమీద మూడు రోజులు ఎండబెట్టినా ఇంతేనట! సూర్యుడికి సత్తువ తగ్గిందా ఏమిటి? తేల్చండి!" అని రాజుగారు సభలో గర్జించారు.

ఆస్థాన జ్యోతిష్కుడు భాస్కరావధాని ముందుకొచ్చాడు. రాజుగారి ఆయుష్షు కోసమని నెల్లాళ్ళుగా కోటలో రేయింబవళ్ళు హోమం చేయిస్తున్నాడాయన. ఆ గర్వంతో కాలు నేల మీద ఆనడం లేదు. హోమశాల వాకిట్లోనే నిలబడి, ఎండని ఒక్కచోటికి చేర్చి నిప్పు పుట్టించే సూర్యకాంతపు రాయితో దూది మీదికి ఎండ పట్టాడు. చిటికెలో అంటుకోవాల్సిన దూది, రాజుగారు తాంబూలం నమలడం అయిపోయినా అంటుకోలేదు.

"చూశారా ప్రభూ! సూర్యుడు అలిగాడు. వడియాలు పెట్టే పేరమ్మ చేతిలోనే దోషముంది. రేపే ఊరు దాటించండి. హోమం నేను రెట్టింపు చేస్తాను."

వంటశాల పేరమ్మ గొల్లుమంది. "ఆ పొయ్యి తప్ప నాకింకో దిక్కు లేదు మహాప్రభో!"

ఓ మూల కూచున్న కొమ్మనకి ఒళ్ళు మండింది. రాజుగారిని నవ్వించడం అతని కొలువు, పేరమ్మ వడియాలు అతని బలహీనత. పైగా పొద్దున్నుంచీ హోమం పొగకి ఒకటే దగ్గు. దగ్గుతూ దగ్గుతూ ఠక్కున ఆగి లేచాడు.

"ప్రభూ, అలిగినవాణ్ణి దూరం నుంచి కాదు, దగ్గరికెళ్ళి పలకరించాలి. కోట వెనక కొండెక్కుదాం. రాయి పేరమ్మే పట్టుకుంటుంది."

"పదండి, పదండి! దోషం అక్కడా బయటపడుతుంది," అన్నాడు అవధాని.

ఇప్పుడైతే ఉపగ్రహాలున్నాయి. మబ్బులకీ దుమ్ముకీ పైన తిరుగుతూ, సూర్యుడు పంపే వేడిని పంపినట్టే కొలుస్తాయి. వాతావరణం మారితే, తేడా సూర్యుడిలో ఉందో మన గాలిలో ఉందో అప్పుడే కదా తెలిసేది! పాపం, కొమ్మనకి ఆ రోజుల్లో దొరికింది కొండ ఒక్కటే.

కొండమీద పేరమ్మ రాయి పట్టింది. రాజుగారు తమలపాకు నోట్లో పెట్టుకోబోతుండగానే దూది భగ్గుమంది!

"ఓరి నాయనో!" అంటూ పేరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

అవధాని తడబడితే ఒట్టు. "నా హోమమే ఫలించింది ప్రభూ! సూర్యుడు ఇప్పుడే ప్రసన్నుడయ్యాడు!"

"అలాగా స్వామీ? మరి ఆ సంగతి మన కోటకి తెలిసినట్టు లేదే!" అని కొమ్మన కిందికి చూపించాడు.

రాజుగారు తొంగిచూశారు. చుట్టూ పల్లెలన్నీ ఎండలో తళతళలాడుతున్నాయి. కోట మీద మాత్రం గొంగళి పరిచినట్టు నల్లటి పొగ. అది లేస్తున్నది హోమశాల లోంచే.

"ఇదేమిటి కొమ్మనా?"

"ముసుగు తన్ని పడుకుని, పొద్దు పొడవలేదంటే సూర్యుడేం చేస్తాడు ప్రభూ!"

రాజుగారికి నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుని, మెళ్ళో ముత్యాల హారం తీసి కొమ్మన మెళ్ళో వేశారు. "నీ పొయ్యి నీదే, పేరమ్మా! హోమం చాలించండి. అవధానిగారూ, ఇంక తీరికే కదా. ఈ వేసవంతా మేడమీద వడియాలకి కాపలా మీదే!"

పేరమ్మ కళ్ళొత్తుకుని అవధానికి దణ్ణం పెట్టింది.

"కాకులు మహా గడుసువి స్వామీ. కాస్త కునుకు తీయకుండా చూసుకోండి!"

కొండంతా నవ్వులే నవ్వులు.