ముగ్గులబండలో ఓబుళమ్మ అడుగు

పూర్వం, వానచుక్క కోసం మబ్బుల వంక చూసి చూసి జనం మెడలు పట్టేసిన ఒకానొక మెట్టసీమలో, రంగప్ప అనే పుణ్యాత్ముడు నేలకు పరిచే సిమెంటు బండల ఫ్యాక్టరీ స్థాపించి నలభై కుటుంబాలకు కూడు పెట్టాడు. బండలు గట్టివే గాని బూడిదరంగువి, కొనే నాథుడే లేడు. చివరకు కొండమీది సత్రానికి బండలు కావాలని ధర్మకర్త శేషాచార్యులవారు కబురంపగా, ఆయనకు నచ్చకపోతే ఫ్యాక్టరీకి తాళమేననీ, అందరూ మళ్లీ వలసబాట పట్టవలసిందేననీ అందరికీ తెలిసిపోయింది.

ఆ ఫ్యాక్టరీలో బండలకు నీళ్లుపట్టే ఓబుళమ్మ పరమ భక్తురాలు. శుక్రవారం పూట నేల బోసిగా ఉంటే ఆమె ప్రాణం ఒప్పదు. ఆచార్యులవారి రాకకు ముందురోజు శుక్రవారమే కావడంతో, తెల్లవారగానే మూలనున్న డబ్బాలోని తెల్లటి పొడి తీసి, అప్పుడే పోతపోసిన పచ్చిబండల నిండా తామరపూల ముగ్గు పెట్టింది. అది ముగ్గుపిండి కాదు, తెల్లసిమెంటు! తడి తగిలేసరికి బండలోకి ఇంకి బిగుసుకుపోయింది. మేస్త్రీ కాశింసాయిబు కడిగాడు, గీకాడు, తల బాదుకున్నాడు.

"ఎంత పని చేస్తివి ఓబుళక్కా! నలభై ఇండ్ల నోట మన్ను కొడితివి గదా!"

ఊరికి తన చేత్తో తానే తాళం వేశానని ఓబుళమ్మ కుమిలిపోయింది.

మర్నాడు ఆచార్యులవారు వరుసగా పరిచిన ఆ బండలను చూసి కన్నులు విప్పార్చి, అంతలోనే చెప్పులు విడిచి వెనక్కి తగ్గారు. "దివ్యంగా ఉన్నాయి రంగప్పా! కానీ ముగ్గు తొక్కడం మహాపాపం. సత్రంలో జనం గాలిలో నడుస్తారా?"

అప్పుడు ఓబుళమ్మ ముందుకొచ్చింది.

"లచ్చిమి నడిచి రావాలనే గద సామీ, ముగ్గేసేది! తొక్కకుండా ఎట్లొస్తాది?"

అంటూనే కొంగు బిగించి బండమీద అడుగు పెట్టింది. ఏమి చెప్పుదును! ముందునాడే గట్టిపడిన ఆ బండ వెన్నముద్దలా ఒదిగి ఆమె పాదముద్రను అచ్చంగా నిలుపుకుంది! ఆచార్యులవారు ఒళ్లు గగుర్పొడవగా చేతులు జోడించి, ఆ ముద్రలోనే తన పాదమూ మోపి, సత్రం మొత్తానికీ ఈ ముగ్గుబండలే కావాలన్నారు. ఆ ఒక్క బండ తడి ఆరలేదని మేస్త్రీ బతికినంతకాలం వాదించాడు. ఆయన మాట ఆయనది, ఊరి మాట ఊరిది.

నలభై ఇళ్లు నాలుగువేల గడపలై, ఆ ఊరికి ముగ్గులబండ అనే పేరు స్థిరపడింది. ఫ్యాక్టరీ గేటు లోపల చిన్న మండపంలో ఆ బండ నేటికీ ఉంది. తక్కిన క్షేత్రాలలో పాదముద్రలకు తల ఆనిస్తారు. ఇక్కడ మాత్రం పనికి వచ్చే ప్రతివారూ మట్టికాళ్లతోనే అందులో పాదం పెట్టి లోపలికి నడుస్తారు. పెద్దదైనా చిన్నదైనా, ఎవరి పాదమైనా అందులో సరిగ్గా సరిపోతుంది.