వకుళ కత్తి, వకుళ మంత్రం

అనగా అనగా, రాక్షసులు పట్టపగలే తిరిగే రోజుల్లో, చిత్రగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యమంతటికీ ఒక్కటే సెలయేరు. కొండ మీంచి దూకి, ఊళ్లను తడిపి, చేలను పండించేది.

ఒక వేసవిలో కరకుడనే రాక్షసుడు వచ్చి సెలయేటికి అడ్డంగా కూర్చున్నాడు. వాడి ఒళ్లంతా రాయి. చేతిలో తాటిమానంత గద.

"చల్లగా ఉంది. ఇక లేవను" అన్నాడు.

వారం తిరిగేసరికి బావులు అడుగంటాయి. లేగదూడలు నిలబడలేక కూలబడ్డాయి. వాణ్ణి లేపిన వారికి కొండసీమ కాపలా పదవి ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

ముందు ఖడ్గవీరుడు భీమరథుడు వెళ్లాడు. వంద దెబ్బలు కొట్టాడు. రాయి చెక్కుచెదరలేదు, కత్తి మాత్రం రంపమైపోయింది.

"ఇంకాస్త పైన గోకు నాయనా, దురదగా ఉంది" అన్నాడు కరకుడు.

తర్వాత మంత్రవేత్త విద్యానిధి వెళ్లాడు. రాతిని మైనంలా మెత్తబరిచే మంత్రం ఆయనకు తెలుసు. దానికి ఏడు పాదాలు. కళ్లు మూసుకుని ఏకధాటిగా చదువుతున్నాడు. మూడో పాదం నోట ఉండగానే గద తగిలింది. పాపం, ఆయన రేగుపొదలో తేలాడు!

అప్పుడు రాజసభలో వకుళ లేచింది. తండ్రి దగ్గర కత్తిసాము, అవ్వ దగ్గర అదే మంత్రం నేర్చిన పిల్ల ఆమె.

"రెండూ అరకొరే కదమ్మా! ఏం చేస్తావు?" అని మంత్రి నవ్వాడు.

"వెళ్లి చూస్తానండి" అంది వకుళ.

వెళ్లింది. కత్తి తిప్పుతూనే మంత్రం చదివింది. రెండో పాదంలోనే ఊపిరి అందలేదు, మాట తడబడింది. మంత్రం బెడిసికొట్టి తన కత్తికే తగిలింది. కత్తి కాస్తా పొట్లకాయలా వేలాడింది.

"కూర వండుకో తల్లీ!" అంటూ కరకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

వకుళ ఇంటికి పరుగెత్తి అవ్వ ఒడిలో తల దాచుకుంది. "నాకు ఏదీ సరిగ్గా రాదవ్వా" అని ఏడ్చింది.

అవ్వ తల నిమిరింది. "అన్నం నములుతూ పాట పాడతామా, పిచ్చిపిల్లా? ముద్దకూ ముద్దకూ నడుమ పాడాలి. పాదం మధ్యలో ఊపిరి తెగితేనే మంత్రం చెడుతుంది. పాదం ముగిశాక ఎంతసేపు ఆగినా చెడదు."

మర్నాడు పొద్దున్నే వకుళ తన తండ్రి కత్తి తీసుకుని మళ్లీ వెళ్లింది. ఈసారి ముందుగా కరకుణ్ణి గమనించింది. గద దించడం వాడికి క్షణం పని. ఎత్తడానికి మాత్రం రెండు ఊపిర్లంత సేపు పడుతోంది.

గద దిగినప్పుడు నోరు మూసి, పక్కకు జరిగి, కత్తితో దాన్ని పక్కకు నెట్టింది. గద లేస్తున్నప్పుడు కత్తి దించి, ఒక్క పాదం చదివింది. దెబ్బకొక పాదం! ఆరో పాదం వేళ వాడి మెడ ఆమె కత్తికి అందేంత దగ్గరకు వచ్చింది. కొట్టమని చెయ్యి తొందరపెట్టింది. పళ్లు బిగబట్టి ఆగింది. ఏడో పాదం ముగిసింది.

రాతి ఒళ్లు మైనమైంది. గద చేతిలోంచి జారిపోయింది. వకుళ కత్తిమొన వాడి గుండెల మీద ఆనించింది.

"లేస్తావా? గుచ్చమంటావా?"

"లేస్తానమ్మా, లేస్తాను! ఇంత మర్యాదగా ఇంతవరకూ ఎవరూ అడగలేదు!" అంటూ కరకుడు కొండ దాటి పారిపోయాడు.

సెలయేరు గలగలా దూకింది. దూడలు మూతులు ముంచి తాగాయి. పిల్లలు నీళ్లలో కేరింతలు కొట్టారు. రాజు వకుళను కొండసీమ కాపలాకు అధిపతిని చేశాడు. భీమరథుడు, విద్యానిధి ఆమె దగ్గర పాఠానికి వచ్చి పక్కపక్కనే కూర్చున్నారు.

ఎన్ని విద్యలు నేర్చినా, దేనికి ఎప్పుడు చోటివ్వాలో తెలిసినవారికే అవి అక్కరకు వస్తాయి.