ఎడమచేతి క్షవరం

మఠంలో శిష్యుడు కపర్దికి చెయ్యి ఊరుకోదు. మఠం వెబ్‌సైట్ పని అతనికి అప్పగించిన దగ్గర్నుంచీ ఆ వెబ్‌సైట్‌కి స్థిమితం లేదు. ఇవాళ పచ్చగా ఉన్నది రేపటికి కాషాయమవుతుంది. పైన ఉన్నది కిందికొస్తుంది, కింద ఉన్నది ఎటో పోతుంది. పక్కన ఒక కాపీ పెట్టుకుని, మార్పులన్నీ అందులో చేసి చూసుకుని, అంతా సరిగ్గా ఉంటేనే అందరి ముందూ పెట్టొచ్చు. ఆ మాట అతనికి చెప్పనివాళ్లు మఠంలో లేరు. వింటేగా!

“ఎందుకండీ రెండుసార్లు పని? ఏదైనా తేడా వస్తే దిద్దేస్తాగా” అనేవాడు.

అదేమన్నా అలంకారానికి పెట్టిన వెబ్‌సైటా? తాగుడు మానేస్తామని పెద్దస్వామికి మాట ఇచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లంతా అందులోనే ఒకరికొకరు అండ. మనసు మందు మీదికి లాగినప్పుడు ‘తోడు కావాలి’ అన్న బటన్ నొక్కితే చాలు, ఎవరో ఒకరు ఫోన్ చేసి మాటల్లో పెట్టి ఆ గండం దాటిస్తారు.

ఒకరోజు పొద్దున కపర్ది ఆ బటన్ ఉన్న పేజీకి ఓ దీపం బొమ్మ పెట్టి కొత్త రూపం ఇచ్చాడు. కంప్యూటర్లో చూసుకుని మురిసిపోయాడు. ఫోన్లో ఎలా కనిపిస్తోందో మాత్రం చూడలేదు. ఫోన్లో దీపం బొమ్మ పెద్దదైపోయి, వచ్చి సరిగ్గా ఆ బటన్ మీదే కూర్చుంది.

మాట ఇచ్చినవాళ్లలో ఆటో నడిపే మంగపతి ఒకడు. ఆ సాయంత్రం నేరుగా పెద్దస్వామికే ఫోన్ చేశాడు. మాట ముద్దగా వస్తోంది.

“ఎంత ఎతికినా కనపళ్లేదు సామీ. ఫోనంతా పొడిచి పొడిచి చూశా. ఎదురుగ్గా బ్రాందీ కొట్టుంది... పోయినా. ఇంటికి ఏ మొగం పెట్టుకుని పోవాల సామీ?”

అతను ఇంటి గడప ఎక్కేదాకా పెద్దస్వామి ఫోన్ పెట్టలేదు.

ఈలోగా కపర్ది ఉరుకులు పరుగుల మీద ఆ బొమ్మ తీసేశాడు. “దిద్దేశాను స్వామీ!” అంటూ వచ్చాడు.

“మంగపతిని కూడా దిద్దావా?” అన్నారు పెద్దస్వామి.

కపర్ది తల దించుకున్నాడు. అంతలోనే మళ్లీ ఎత్తాడు. “పొరపాటే స్వామీ. కానీ ప్రతిదానికీ ముందు కాపీలో చెయ్యాలంటే ఎప్పటికి తెమిలేను? రేపు అక్షరాలు కూడా మార్చాలి.”

పెద్దస్వామికి ఒళ్లు మండింది. లేచి వెళ్లిపోయారు.

మర్నాడు క్షవరం రోజు. ఆ మఠంలో బయటి నుంచి ఎవరినీ పిలవరు, ఒకరి తల ఒకరు గొరుగుతారు. పెద్దస్వామి కపర్దిని పిలిచి పీట మీద కూర్చోబెట్టారు. తల తడిపారు. కత్తి నూరి, ఎడమచేతిలోకి మార్చుకున్నారు.

“మీది కుడిచేతి వాటం కదా స్వామీ?”

“పొద్దున్నే ఓ ఆలోచన వచ్చింది. ఎడమచేత్తో, వెనక నుంచి ముందుకు గొరిగితే అందంగా ఉంటుందనిపించింది. కదలకు.”

“ఇంతకుముందు ఎప్పుడైనా చేశారా?”

“లేదు. ఇప్పుడే మొదలు.”

చెవి వెనక చల్లగా కత్తి తగిలింది. కపర్ది పీట మీంచి ఎగిరి అవతల పడ్డాడు.

“ఆగండి స్వామీ, తల అది! బూడిద గుమ్మడికాయ మీద చెయ్యి కుదిరితేనే గానీ మన మఠంలో ఎవరి చేతికీ కత్తి ఇవ్వరే! వంటింట్లో కాయలున్నాయి, ఉండండి, ఒకటి తెస్తాను. ముందు దాని మీద చేసి చూడండి, మీకు పుణ్యముంటుంది!”

పెద్దస్వామి కత్తి మడిచి పీట మీద పెట్టారు.

“తెలియదేమో పాపం అనుకుని, ఇన్నాళ్లూ చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. అంతా తెలుసన్నమాట!”

తల మీది నీళ్లు మెడలోకి కారుతున్నా కపర్ది తుడుచుకోలేదు.

“తల నీకొక్కడికే ఉందనుకున్నావురా నాయనా” అన్నారు పెద్దస్వామి.